కాలిన అంచు

“...ఇలా నిలువునా చీల్చి పంపించి అంచు ఎంతుందో కొలవమంటే, నేను దేన్ని కొలవను?”

“నామీద అరుస్తావేంటక్కా? చీల్చింది నేనా?”

“తెచ్చింది నువ్వేగా.”

“తెమ్మంటే తెచ్చాను. రేపు నిన్ను తెమ్మంటే నిన్నూ ట్రేలో పెట్టుకుని తెస్తాను. సంతకం పెట్టు. అవతల రెండో కేసు బల్ల ఎక్కింది.”

ల్యాబు కిటికీకి అవతల థియేటర్ నర్సు, ఇవతల స్కేలక్క. మధ్యనున్న రాతి గట్టుమీద మూత బిగించిన తెల్ల డబ్బా. అందులో, కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్‌లో మునిగి, గంట క్రితం దాకా ఒక మనిషి ఒంట్లో ఉన్న గర్భసంచి. దాని మూతి దగ్గర క్యాన్సర్ గడ్డ.

స్కేలక్క సంతకం పెట్టి, తేదీ వేసి, పక్కనే ఎర్ర పెన్నుతో ‘తెరిచి వచ్చింది’ అని రాసింది. నర్సు ఆ ఎర్ర అక్షరాలు చూసి మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నారు. డబ్బా మాట ఇద్దరూ ఎత్తలేదు.

ఆమె ఆ ల్యాబులో టెక్నీషియన్‌గా చేరి ఇరవై రెండేళ్లయింది. అప్రాన్ జేబులో ఆరంగుళాల స్టీలు స్కేలు లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు. చేరిన మొదటి వారమే, వార్డుకు వచ్చిన కొత్త కర్టెన్లు కిటికీకి జానెడు తక్కువవుతాయని తగిలించకముందే చెప్పింది. తగిలించాక అందరూ పైకి చూసి ఒప్పుకున్నారు. ఆ రోజునుంచీ అసలు పేరు జీతాల రిజిస్టరుకే పరిమితమైంది. పెళ్లి కుదిరినప్పుడు పెళ్లికొడుకు అయిదడుగుల ఎనిమిదంగుళాలన్నారు. పెళ్లయ్యాక తలుపు చట్రానికి ఆనించి కొలిస్తే అయిదు ఆరున్నరే వచ్చింది. ఎప్పుడైనా మాటామాటా పెరిగితే ఆయన ఇప్పటికీ, “నా ఒకటిన్నర అంగుళం సంగతి ఎత్తకు, మిగతాది ఏమన్నా పడతాను” అంటాడు.

కొలత ఆమెకు తండ్రినుంచి వచ్చింది. ఆయన దర్జీ. ఆమెకు ఏడేళ్లప్పుడే గుడ్డ అంచుమీద బొటనవేలు పోనిచ్చి, అది మగ్గంమీద వచ్చిన అంచో, కొట్లో కత్తెర పెట్టిన అంచో కళ్లు మూసుకుని చెప్పడం నేర్పాడు. తప్పు చెబితే నెత్తిన చిన్న మొట్టికాయ. సరిగ్గా చెబితే మెచ్చుకునేవాడు కాదు. ఇంకో గుడ్డ ఇచ్చేవాడు.

ల్యాబులో ఆమె కొలిచే వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అంచే. గడ్డ ఆగిపోయిన చోటుకీ సర్జన్ కోసిన చోటుకీ మధ్య జబ్బులేని కండ ఎంత మిగిలిందన్నది. మిగిలితే జబ్బు మొత్తం బయటికి వచ్చినట్టు. గడ్డ అంచుదాకా వచ్చేసి ఉంటే, మనిషి లోపల ఇంకా ఉన్నట్టు. అయితే ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరుగారికి ఒక అలవాటుంది. ఆపరేషన్ అయ్యాక, తీసినదాన్ని ట్రేలో పెట్టుకుని తలుపు దగ్గరికి వచ్చి, బయట నిలబడ్డ చుట్టాల ముందే కత్తెరతో నిలువునా తెరిచి చూపిస్తారు. “ఇదిగో గడ్డ. చూశారుగా, తీసేశాం” అంటారు. వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. కత్తెర మాత్రం గడ్డ మధ్యనుంచే పోతుంది. తెరిచింది డబ్బాలో ముడుచుకుని ల్యాబుకు చేరేసరికి, గడ్డ తగిలిన అంచొకటి కనిపిస్తుంది. అది లోపల ఆపరేషన్‌లో పడిన కోతో, తలుపు దగ్గర పడిన కోతో తెలియదు. రిపోర్టులో ‘అంచు చెప్పలేము’ అని రాస్తారు.

ఇన్నేళ్లూ ఆ మాట ఎవరినీ బాధపెట్టలేదు. ఎందుకంటే రికార్డు గదిలో నింపే ఫారంమీద రెండు గళ్లే ఉన్నాయి. అంచులో జబ్బు ‘ఉంది’, ‘లేదు’. ‘చెప్పలేము’కు గడి లేదు. గుమాస్తా ‘లేదు’లో టిక్కు పెట్టేవాడు. ఆస్పత్రికి నూటికి నూరు మార్కులు వచ్చేవి.

మూడు నెలల కిందట ఒక కొత్త డాక్టరమ్మ వచ్చింది. వస్తూ వస్తూ, ఈ ఆపరేషన్ ఎంత బాగా చేస్తున్నారో కొలిచే పదిహేను అంశాల జాబితా ఒకటి తెచ్చింది. ఏడాదికి ఎన్ని చేస్తున్నారు, చేసేముందు అన్ని విభాగాల డాక్టర్లూ కూర్చుని మాట్లాడారా, తర్వాత ఎందరికి మూత్రం లీకయింది, రెండేళ్లలో ఎందరికి జబ్బు తిరగబెట్టింది. తొమ్మిదో అంశం అంచు. ఆమె గుమాస్తా టిక్కులు నమ్మకుండా ఏడాది రిపోర్టులన్నీ తెప్పించుకుని ఒక్కొక్కటే చదివింది.

డబ్బా వచ్చిన ఆ సోమవారమే, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె ల్యాబుకు వచ్చి తెల్ల డబ్బా మూత తీసి చూసింది.

“నలభై రెండు ఆపరేషన్లలో ఎనిమిది ‘చెప్పలేము’లు తేలాయక్కా. ఇది తొమ్మిదోదా?”

“చూడబోతే అలాగే ఉంది మేడమ్.”

“అయితే ఈమెకి రేడియేషన్ తప్పదు. తెలీనప్పుడు ఉందనే అనుకోవాలి. శనివారం మీటింగులో తేలుస్తాం.”

“మరి ఆ ఎనిమిదిమందికి?”

“లేదనుకుని ఇంటికి పంపేశారు.”

కొత్త డాక్టరమ్మ వెళ్లాక స్కేలక్క స్కేలు తీసి చాలాసేపు అరచేతిమీద కొట్టుకుంటూ కూర్చుంది.

బుధవారం పొద్దున కిటికీ దగ్గర ఒక మనిషి నీడ పడింది. వార్డు గౌనులో ఉన్న ఆడమనిషి. నలభై దాటి ఉంటాయి. ఒక చెయ్యి గోడమీద, ఇంకో చేతిలో మూత్రం సంచి. ఆపరేషన్ అయినవాళ్లను వరండాలో నడవమంటారు. ఆమె నడుచుకుంటూ ఇంతదూరం వచ్చేసింది.

“కొలిచేది ఇక్కడేనా అక్కా? నాది కొలిచారా?”

చేతి పట్టీమీద నంబరు చూసింది స్కేలక్క. తెల్ల డబ్బా నంబరే.

“ఇంకా లేదమ్మా. ఫార్మలిన్‌లో గట్టిపడాలి. ఇవాళే.”

“కరెంటు పెట్టాలంటున్నారు. ఆరు వారాలంట, రోజూ రావాలంట. నేను స్కూలు బస్సులో ఆయాని. అన్నాళ్లు నాకోసం బస్సు ఆపుతారా?”

“జబ్బు మిగిలుంటే పెట్టించుకోవాలి కదమ్మా.”

“మిగిలుంటే పెట్టించుకుంటాను. ఉందో లేదో తెలీదు, అందుకని పెడతాం అంటున్నారు. అదేం లెక్కక్కా?”

ఆమె సంచి చెయ్యి మార్చుకుంది.

“మా తమ్ముడికి మాత్రం అన్నీ తెలిసిపోయాయి. పెద్ద డాక్టరుగారు తెరిచి చూపించారుగా. వాడు చూశాడు, కింద పడ్డాడు. ఆపరేషన్ నాకైతే సెలైన్ వాడికి ఎక్కించారు.”

నవ్వితే కుట్లు లాగుతాయని పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా వెనక్కి తిరిగింది.

స్కేలక్క గ్లవ్స్ వేసుకుంది. డబ్బాలోది తీసి కడిగి, కార్కు పలకమీద పరిచింది. ముడతలు సవరిస్తూ గుండుసూదులు గుచ్చింది. పెద్ద లైటు కిందికి లాగింది. ఎప్పుడూ చేసినట్టే బ్రష్షు నల్ల ఇంకులో ముంచింది. ముక్కలు కోసేముందు అంచులన్నిటికీ రంగు పూయాలి. మైక్రోస్కోపు కింద ఆ రంగు కనిపించిన చోటే అంచని తెలుస్తుంది. ఈ పని నేర్పిన పాత టెక్నీషియన్, తెరిచి వచ్చినవాటికి చుట్టూ నల్లరంగే పూసేవాడు. ఆమె కూడా ఇరవై రెండేళ్లుగా అదే పూస్తోంది.

బ్రష్షు అంచును తాకబోతుండగా ఎడమచేతి బొటనవేలు ఆగింది.

వేలు ఒక అంచుమీదనుంచి ఇంకో అంచుమీదికి వెళ్లింది. మళ్లీ వెనక్కి వచ్చింది. గ్లవ్ మీదనుంచి కూడా తేడా తెలుస్తోంది. ఒకటి మెత్తగా, నున్నగా ఉంది. రెండోది గరుకుగా, బిరుసుగా, చీర కొంగుకు నిప్పు తగిలి ముడుచుకున్నట్టుగా ఉంది. భూతద్దం పెట్టింది. మొదటిది పాలిపోయి తెల్లగా ఉంది. రెండోది గోధుమరంగులో మాడి ఉంది.

లోపల సర్జన్ కోసేది కత్తెరతో కాదు. రక్తం పోకుండా కాల్చుతూ కోసే పరికరంతో. తలుపు దగ్గర తెరిచేది చల్లటి కత్తెరతో. ఈ రెండు సంగతులూ ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే.

బ్రష్షు పక్కన పడేసింది. గుండుసూదులన్నీ పీకేసి, మెత్తటి అంచులు రెండూ ఒకదానికొకటి ఆనేలా దగ్గరికి తెచ్చింది. బొత్తాల పట్టీ రెండు వైపులూ కలిపినట్టు, గీతకు గీత, మడతకు మడత కలిసింది. చీలిన గడ్డ మళ్లీ ఒకటే గడ్డయింది. దాని చుట్టూ తెల్లటి కండ. ఆ కండ చివర, చుట్టూతా, ఎక్కడా తెగకుండా మాడిన అంచు. గడ్డ ఏ వైపునా అక్కడిదాకా రాలేదు.

స్కేలు పెట్టింది. అన్నిటికన్నా దగ్గరున్న చోట ఎనిమిది మిల్లీమీటర్లు. స్కేలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టింది. ఎనిమిదే.

పక్క గదిలో మైక్రోస్కోపు డాక్టరుగారు టీ గ్లాసు అప్పుడే నోటి దగ్గర పెట్టుకున్నారు. రిటైరవడానికి ఆయనకు ఏడాదుంది.

“సార్, ఒకసారి రండి.”

“టీ తాగి వస్తానమ్మా.”

“టీ తర్వాత తాగండి సార్.”

ఆయన గ్లాసు కిందపెట్టి ఆమెను ఎగాదిగా చూశారు. “ఇరవై రెండేళ్లలో నువ్వు నన్ను టీ దగ్గర్నుంచి లేపడం ఇదే. ఏమైనా తగలబడుతోందా?”

“తగలబడిందే చూపిస్తాను, రండి.”

ఆయన భూతద్దంతో చూశారు. కళ్లజోడు తీసి చూశారు. పెట్టుకుని చూశారు. ఒక సూది తీయించి, మళ్లీ గుచ్చమన్నారు.

“కంటికి మాడినట్టు కనబడితే చాలదు తల్లీ. కాలిన కణాలు మైక్రోస్కోపు కింద పోగుల్లా సాగిపోయి ఉంటాయి. మాడిందన్న అంచుకి నల్లరంగు వెయ్యి, కత్తెర అంచుకి ఇంకో రంగు వెయ్యి. నలుపు ఉన్నచోటల్లా పోగులు కనిపించాలి, ఇంకో రంగు దగ్గర ఒక్కటీ కనిపించకూడదు. ఒక్కటి తేడా వచ్చినా నేను సంతకం పెట్టను.”

“పెట్టొద్దు సార్. రొమ్ము గడ్డలకి వాడే పసుపు రంగు ఉంది. శుక్రవారానికి స్లైడ్లిస్తాను.”

“రేపు సాయంత్రానికి ఇవ్వు. అందాకా నాకు మాత్రం నిద్రెక్కడ పడుతుంది?”

టీ మీద మీగడ కట్టింది. ఆయన దాన్ని చూసుకోలేదు.

స్కేలక్క రంగులు వేసి, ముక్కలు కోసి, మెషీన్లో పెట్టి, చేతులు కడుక్కోకుండానే అల్మారా గదిలోకి వెళ్లింది. ఆరు నెలలవరకూ డబ్బాలు పారేయరు. పాత ఎనిమిదిలో మూడు దొరికాయి. అడుగు అరలో, దుమ్ము పట్టి, ఆమె చేతిరాతతోనే. వాటిని ఎత్తుకొచ్చి ఒక్కొక్కటే పలకమీద పరిచింది. అవి ఇదివరకే నల్లరంగు పూసి, అక్కడక్కడ ముక్కలు తీసేసినవి. అయినా నలుపు కింద బిరుసు బిరుసుగానే ఉంది, మెత్తన మెత్తగానే ఉంది. మూడింట్లోనూ మాడిన అంచునుంచి కొత్తగా ముక్కలు తీసింది.

మిగతా అయిదింటికి డబ్బాల్లేవు, పాత స్లైడ్లే ఉన్నాయి. డాక్టరుగారు అవన్నీ ముందేసుకుని గంటన్నర చూసి తల ఎత్తారు.

“ఇందులో ఒక్కదాంట్లోనూ కాలిన అంచే లేదు. అయిదింట్లోనూ ముక్క కత్తెర అంచునుంచే తీశారు.”

ముక్క ఎక్కడినుంచి తీశారో రాసే పుస్తకం ఆమె చేతిలోనే ఉంది. అందులో ఉన్నవి ఆమె అక్షరాలే. అయిదు చోట్లా చదివింది. పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి తండ్రి కిటికీ దగ్గర కూర్చుని రేడియోకు చెవి ఆనించి ఉన్నాడు. చూపు తగ్గింది. ఆమె చెప్పులు విడవకుండానే ఆయన ఎదుట కూలబడి, గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పింది. ఆయన అంతా విని రేడియో కట్టేశాడు.

“బొటనవేలు పెట్టి చూశావా?”

“చూశాను నాన్నా.”

“ఇన్నేళ్లూ ఏం పెట్టి చూశావు మరి?”

“కళ్లు పెట్టి.”

“ఆ రంగు పూసి చూశావంటున్నావు. గుడ్డంతా ఒకే రంగులో ముంచేస్తే కత్తెర అంచేదో నాకూ తెలీదు.” రేడియోను పక్కకి జరిపి, “ఏడేళ్లప్పుడు వచ్చేసిన విద్యకి నలభై తొమ్మిదో ఏట పని దొరికింది. పోనీలే” అన్నాడు.

ఆమె భర్త వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. “మొట్టికాయ వెయ్యలేదంటే మెచ్చుకున్నట్టే. ముందు కాళ్లు కడుక్కో” అన్నాడు.

గురువారం సాయంత్రం నాలుగున్నరకు ఆమె స్లైడ్ల ట్రే పట్టుకుని డాక్టరుగారి గదిలోకి వెళ్లింది. అక్కడ కొత్త డాక్టరమ్మ ముందే వచ్చి కూర్చుని ఉంది. థియేటర్ నర్సు కూడా వచ్చి, ఏదో పనున్నట్టు తలుపు దగ్గర నిలబడింది. డాక్టరుగారు మొదటి స్లైడు పెట్టారు.

“నలుపు. పోగులున్నాయి.”

రెండోది.

“పసుపు. లేవు.”

మూడోది, నాలుగోది, పదకొండోది. ప్రతిసారీ ఆయన అదే వరసలో చెప్పారు. పద్నాలుగోదాని దగ్గర ఆగి, స్క్రూ తిప్పి, ఆమెను పిలిచి రెండో కంటిగొట్టంలోంచి చూడమన్నారు. నల్లగీతకు ఆనుకుని కణాలన్నీ ఒకే వైపుకు దువ్వినట్టు సాగి ఉన్నాయి. వాటికి ఎడంగా, చాలా ఎడంగా, గడ్డ ఆగిపోయింది.

“కొలుస్తున్నాను. ఏడున్నర.”

“నేను ఎనిమిదన్నాను సార్.”

“అరమిల్లీమీటరుకి కూడా పేచీ పెడతావా?”

తలుపు దగ్గర నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొత్త డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి, కిటికీదాకా వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చుంది.

తర్వాత పాత మూడు డబ్బాలవీ చూశారు. రెండింట్లో అంచు శుభ్రంగా ఉంది. మూడోదాంట్లో నల్లగీతమీదే గడ్డ కణాలున్నాయి. ఆ డబ్బా తాలూకు మనిషి ఇంటికి వెళ్లి నాలుగు నెలలయింది. కొత్త డాక్టరమ్మ ఆ గదిలోంచే ఫోన్ చేసింది. ఎవరో ఎత్తారు. “రేపు రాగలరా అమ్మా? లేదు, భయపడకండి. రేపే రండి” అంది.

శనివారం మీటింగుకు టెక్నీషియన్లను పిలవడం అదే మొదటిసారి. పొడుగాటి బల్ల. ఒక చివర పెద్ద డాక్టరుగారు. స్కేలక్క పక్కన కార్కు పలక, మీద తడిగుడ్డ. వార్డులో ఉన్న స్కూలు బస్సు ఆయామ్మ డిశ్చార్జి కాగితాలు రేడియేషన్ సంగతి తేలేదాకా ఆపారని, ఆమె వరండాలో తిరుగుతోందని నర్సు చెప్పింది.

కొత్త డాక్టరమ్మ తొమ్మిదో అంశం చదివింది. “నూటికి తొంభై ఏడుమందికి అంచు శుభ్రంగా ఉండాలి. మనం నూరు అని రాసుకున్నాం. నిజానికి అందులో ఎనిమిదిమందికి తెలీకుండానే రాసుకున్నాం.”

“తెలీకపోవడమేంటి? గడ్డ నేను కళ్లారా చూసి తీశాను” అన్నారు పెద్ద డాక్టరుగారు.

“తీశాక కోశారు సార్.”

పెద్ద డాక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“ఎందుకు చూపిస్తానో మీకు తెలీదు. నేను చేరిన కొత్తలో ఒకామె భర్త తలుపు దగ్గర నా చొక్కా పట్టుకున్నాడు. కడుపు కోసి మళ్లీ కుట్టేశారు, లోపలేం తియ్యలేదు, అన్నాడు. ఏడుస్తున్నాడు. ఆ రోజు ట్రే తెచ్చి తెరిచి చూపించాను. అప్పుడు వదిలాడు. అప్పట్నుంచీ ఎవరినీ అనుమానంతో ఇంటికి పంపలేదు.”

స్కేలక్క లేచి నిలబడింది. ఏం మాట్లాడాలో రాసుకొచ్చిన కాగితం జేబులోనే ఉండిపోయింది.

“ముందు నా తప్పు చెప్పాలి సార్. తెరిచి వచ్చిన ప్రతిదానికీ చుట్టూ ఒకే రంగు పూసింది నేను. అయిదుగురికి ముక్క తప్పు అంచునుంచి తీసింది నేను. పుస్తకంలో నా రాతే ఉంది. మీరు కోసినా, నేను బొటనవేలు పెట్టి చూసుంటే తెలిసేది.”

తడిగుడ్డ తీసింది. పలకను బల్లమీద ఆయనవైపు జరిపింది. కలిపి కుట్టినంత దగ్గరగా చేర్చిన రెండు భాగాలు, పసుపు గీత, చుట్టూ నల్ల గీత.

“పసుపు తలుపు దగ్గరిది. నలుపు మీరు లోపల కోసింది. చుట్టూ ఎక్కడా గడ్డ తగల్లేదు. చాలా శుభ్రంగా కోశారు సార్. ఆ సంగతి మనకి తెలియాలి కదా.”

పెద్ద డాక్టరుగారు పలకమీదికి వంగారు. వేలితో నల్లగీత వెంబడి, తాకకుండా, గాల్లోనే చుట్టూ గీశారు. మైక్రోస్కోపు డాక్టరుగారు రిపోర్టు ఆయన ముందు పెట్టారు.

“ఏడున్నర” అన్నారు పెద్ద డాక్టరుగారు చదివి.

“నేను ఎనిమిదన్నాను సార్” అంది స్కేలక్క.

ఎవరో నవ్వారు. పెద్ద డాక్టరుగారు కూడా కొద్దిగా నవ్వి, కొత్త డాక్టరమ్మవైపు తిరిగారు. ఆమె పెన్ను తీసి ఆయామ్మ కాగితంమీద రేడియేషన్ అన్న మాట కొట్టేసి సంతకం పెట్టింది. తలుపు దగ్గరున్న నర్సు ఆ కాగితం అందుకుని, పిలిచినా వినపడనంత వేగంగా వరండాలోకి వెళ్లిపోయింది.

“డబ్బాల్లేని ఆ అయిదుగురి సంగతి?” అని అడిగారు పెద్ద డాక్టరుగారు.

“వాళ్లది ఇక ఎప్పటికీ తెలీదు” అన్నారు మైక్రోస్కోపు డాక్టరుగారు. “మళ్లీ స్కాన్ చేసి, పరీక్షించి చూసుకోవాలంతే.”

“వాళ్లకి ఈ విషయం తెలుసా?”

“తెలీదు సార్” అంది కొత్త డాక్టరమ్మ. “వాళ్ల ఫారాల్లో ‘లేదు’ అని ఉంది.”

పెద్ద డాక్టరుగారు పలకమీద తడిగుడ్డ తిరిగి కప్పారు. కప్పాక దాని మూల సరిచేశారు.

“సోమవారంనుంచి తీసింది తీసినట్టే ల్యాబుకి వస్తుంది. చుట్టాలకి చూపించాలంటే, ఈవిడ కొలిచాక, ఈవిడ బల్ల దగ్గరే చూపిద్దాం. ఆ అయిదుగురి నంబర్లు నాకివ్వండి. నేనే ఫోన్ చేసి పిలిచి, నేను కోసినందువల్ల తెలీకుండా పోయిందని నా నోటితో చెప్తాను.”